రెండో గేరుకు ఒక సైకిలు

డీజిలు పట్టాలి. రేడియేటరులో నీళ్లు చూడాలి. గేరు పెట్టె మూత నట్లు విప్పి, గేరు కడ్డీతో సహా మూతను పైకెత్తాలి. లోపల అరిగి చతికిలబడిన స్ప్రింగు తీసి పారేసి కొత్తది వేయాలి. స్ప్రింగు కింద ఉండే ఉక్కుగుండు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూడాలి. మూత బిగించి నూనె పోయాలి. ఆ తర్వాత సుంకులమ్మ చేనికి పోయి, వాన పదును ఆరకముందే దున్ని, గొర్రు తోలి, వేరుశనగ విత్తాలి.

చేయాల్సిన పనులు ఇవీ. చేతులాడే మనుషులు ఇద్దరుంటే ట్రాక్టరు పని ఒక పూట, చేను పని ఇంకో పూట.

కానీ వీటన్నిటికంటే ముందు, సంఘానికి ఒక సైకిలు సంపాదించాల్సి వచ్చింది.

గుండ్లవంక రైతు సేవా సంఘానికి ఒక ట్రాక్టరు ఉంది. దాని వయసు ఎవరికీ తెలియదు. ఒకప్పటి దాని రంగు ఎరుపని కొందరు, నీలమని కొందరు వాదిస్తారు. ఎవరి వాదనకు తగిన మచ్చలు వాళ్లకు బానెట్టు మీద దొరుకుతాయి. ఇంజను గట్టిది. బ్రేకులు మాట వింటాయి. ఒక్క రెండో గేరే నిలకడ లేనిది. దున్నడానికి కావాల్సింది ఆ గేరే. వేసి నాలుగు బారలు పోగానే కడ్డీ టప్పుమని తనంతట తానే వెనక్కి వచ్చేసేది. నాగలి నేలలో దిగబడి ఉండేది, ఇంజను వట్టినే అరిచేది.

డ్రైవరు చాంద్‌బాషా కొన్నాళ్లు కడ్డీని మోకాలితో అదిమిపట్టి తోలాడు. మోకాలు నొప్పెట్టాక, ఎక్కడో దొరికిన పాత సైకిలు ట్యూబుతో కడ్డీని సీటు కింది కమ్మీకి లాగి కట్టాడు. గేరు బుద్ధిగా నిలబడింది. ఆ ట్యూబు ఎండకు పగిలి తెగిపోయినప్పుడు, సంఘం కొత్త ట్యూబు కొన్నది.

కొన్నవాడు సహాయ కార్యదర్శి ఎర్రిస్వామి. వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు. పట్టా ఇంటికొచ్చిన రోజు వాళ్లమ్మ దాని నాలుగు మూలలకూ పసుపు రాసి గోడకు తగిలించింది. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. ఖర్చు దేనికైతే రసీదులో అదే రాయాలని కాలేజీలో నేర్పారు కాబట్టి, అతను అదే రాశాడు: 'ట్రాక్టరు రెండవ గేరు జారకుండా కట్టుటకు సైకిలు ట్యూబు, ఒకటి.'

అనుభవమున్న గుమాస్తా ఎవరైనా అయితే 'చిల్లర ఖర్చులు' అని రాసి ఊరుకునేవాడు. ఎర్రిస్వామికి నిజాయితీ ఉంది గానీ, అనుభవం లేదు.

ఆ ఏడాది తొలి వాన బాగా పడింది. మరునాడు పొద్దున్నే సుంకులమ్మ సంఘం ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కొండవాలు చేను ఒక్కటే ఆమెకు ఆధారం. మొగుడు పోయాక ఎద్దులను అమ్మేసింది. ఊళ్లో సొంత ట్రాక్టర్లు ఉన్నవాళ్లు పదునున్నన్నాళ్లూ పెద్ద పెద్ద చేన్లకే పోతారు. రాళ్లవాలు మీదికి ఎవరూ రారు. సంఘం ట్రాక్టరు వరసలో ఈసారి మొదటి పేరు ఆమెది.

పిడికిట్లోని మట్టిని ఎర్రిస్వామి బల్ల మీద పెట్టింది. అది లడ్డులాగా ఉండ కట్టి నిలబడింది.

"చూడు నాయనా. పదునంటే ఇట్లుండాల. రాత్రంతా కూసోని విత్తనం ఒలిచి పెట్టుకోనుండా. పోయిన పంటలో ఏరి ఏరి దాపెట్టిన కాయ. ఒలిచినాక నిలవదు, పుచ్చిపోతాది. ఎప్పుడొస్తాది ట్రాక్టరు?"

"ఈ పొద్దే అవ్వా," అన్నాడు ఎర్రిస్వామి.

అప్పుడే ఆఫీసు ముందు జీపు ఆగింది. ఆడిటరు శేషశయనం గారు దిగారు.

శేషశయనం గారి గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆయన లంచం ముట్టరు. టీ తాగినా తన డబ్బులు తానే ఇచ్చుకుంటారు. పని వాయిదా వేయరు. ఈ కథలో కనపడే అధికారులందరూ ఇలాంటివాళ్లే. వీళ్లలో ఒక్కరైనా సోమరిపోతు అయి ఉంటే సుంకులమ్మ చేను పండేది.

ఆయన రసీదుల కట్ట విప్పి, ఒక దాని దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏమయ్యా, ఈ సంఘానికి సైకిలు ఎన్ని?"

"సైకిలు లేదు సార్."

"సైకిలు లేని సంఘం సైకిలు ట్యూబు ఎందుకు కొన్నట్టు?"

"గేరు కట్టడానికి సార్. అక్కడే రాశాను."

"రాశావు. అదే ప్రమాదం," అన్నారాయన జాలిగా. "సైకిలు ట్యూబు అనగానేమి? సైకిలు యొక్క విడిభాగం. విడిభాగము ఉండి, సదరు విడిభాగమునకు మూలమైన వాహనము లేకపోవుట తీవ్ర పరిశీలనాంశము. ఆ ట్యూబు ఎక్కడుంది?"

చాంద్‌బాషా ట్రాక్టరును చూపించాడు. శేషశయనం గారు ట్యూబును స్వయంగా విప్పించి, కవరులో పెట్టి, లక్క సీలు వేశారు. ఆడిటు అభ్యంతరం తీరేదాకా ఎవరూ తాకకుండా గేరు కడ్డీకి కూడా గుడ్డ చుట్టి, ఇంకో సీలు వేశారు.

"సార్, ఆ ట్యూబు డబ్బు నేనే కట్టేస్తాను. ఈ పొద్దు దుక్కి ఉంది," అన్నాడు ఎర్రిస్వామి.

"కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకుంటే విచారణ. విచారణ తేలేదాకా ట్రాక్టరు షెడ్డులోనే. కుర్రాడివి, నీ మేలు కోరి చెబుతున్నాను. సైకిలు చూపించు. అభ్యంతరం దానంతటదే పోతుంది."

మెట్ల మీద కూర్చున్న సుంకులమ్మ చాంద్‌బాషాను అడిగింది. "ఏమిరా బాషా, ఏమంటాండాడు?"

"నీ చేను దున్నాలంటే సైకిలు కావాలంట పెద్దమ్మా."

"సైకిలుతో దున్నుతారా?"

"ఇంకా అంతదాకా రాల్యా," అన్నాడు చాంద్‌బాషా.

సైకిలు కొనాలంటే పాలకవర్గం తీర్మానం కావాలి, మూడు దుకాణాల కొటేషన్లు కావాలి. విరాళంగా వచ్చినదైతే రసీదు ఇస్తే చాలు. ఎర్రిస్వామి ఇంటికి పరిగెత్తాడు. వాళ్ల నాన్న కూలికి పోయే సైకిలు గోడకు ఆనించి ఉంది.

"నాయనా, సైకిలు ఆఫీసుకు కావాల."

"ఆఫీసుకా?" అన్నాడు తండ్రి ఆశ్చర్యంగా. "ఆఫీసు యాడికి పోతాది?"

ఎర్రిస్వామి సైకిలు ఎక్కాడు. సంఘం సొత్తని తెలిసేలా దాని మీద తెల్లరంగుతో నంబరు వేయించి, మరునాడు ఆడిటరు గారి ముందు నిలబెట్టాడు. ఆయన సంతోషించారు. చుట్టూ తిరిగి చూశారు. ముందు చక్రం నొక్కారు. వెనక చక్రం నొక్కారు. ముఖం మారిపోయింది.

"రెండు చక్రాల్లోనూ గాలి ఉందే!"

"నిన్న రాత్రే కొట్టించాను సార్."

"అంటే రెండింట్లోనూ ట్యూబులున్నట్టేగా? రెండు చక్రముల వాహనమునకు రెండు ట్యూబులు. మరి నా దగ్గర సీలులో ఉన్న మూడవది ఏ చక్రానిది?"

మూడు చక్రాల సైకిలు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఆడిటరు గారే దారి చూపారు: ముందు చక్రం ట్యూబు తీయించి, అది విరాళం కిందికి రాదని ఎర్రిస్వామి ఇంటికి పంపించారు. ఇప్పుడు సైకిలుకు ఒక ట్యూబు తక్కువ, సీలులో ఒక ట్యూబు ఎక్కువ. లెక్క కుదిరింది. శేషశయనం గారు తన చేత్తోనే రాశారు: 'సదరు ట్యూబు సంఘము యొక్క సైకిలు ముందు చక్రమునకు ఉద్దేశింపబడినదని భావించవచ్చును. వాహన వినియోగముపై పై అధికారి ధ్రువీకరణ అవసరము.'

"సైకిలు తిరుగుతోందని పైవాళ్లు ఒక్క మాట రాస్తే చాలు," అన్నారు. అనడమే కాదు, తనే ఫోను చేసి పిలిపించారు. నెలల తరబడి కదలని ఫైళ్లు చాలా ఉంటాయి. ఇది మాత్రం పెళ్లివారి బస్సులాగా పరిగెత్తింది.

సుంకులమ్మ మళ్లీ మట్టి తెచ్చింది. ఈసారి ఉండ కట్టింది గానీ, బల్ల మీద పెట్టగానే రెండు చెక్కలయింది.

"రేపటికి పనికొస్తాది," అంది. "ఎల్లుండికి నేను చెప్పల్యాను."

యాంత్రీకరణ ప్రోత్సాహకాధికారి ప్రసూనాంబ గారు మరునాడే వచ్చారు. ఉత్సాహవంతురాలు. జీపు దిగుతూనే సైకిలును చూసి చేతులు జోడించారు.

"ట్రాక్టరు కేంద్రంలో సైకిలు! పొగ లేని రవాణా! ఈ ఆలోచన ఎవరిది?"

"ఆడిటు వారిది మేడమ్," అన్నాడు ఎర్రిస్వామి. నిజమే చెప్పాడు.

"అద్భుతం. దీన్ని మనం జిల్లాకే నమూనా చేయాలి. చోదకుడు ఎవరు?"

ఎర్రిస్వామి చాంద్‌బాషాను చూశాడు, చాంద్‌బాషా సైకిలును చూశాడు.

"ప్రతి వాహనమునకూ ఒక బాధ్యుడైన చోదకుడు ఉండి తీరాలి కదండీ. చోదకుడు లేనిచో వాహనము తిరుగుచున్నదని నేను ఎలా ధ్రువీకరించను? మీ సిబ్బందిలో డ్రైవరు హోదా గలవారు ఎవరు?"

ఆ హోదా చాంద్‌బాషాది. అతను తలకాయ గోక్కున్నాడు.

"మేడమ్, నాకు సైకిలు తొక్కేది రాదు."

"ట్రాక్టరు నడుపుతారుగా!"

"అది పడదు మేడమ్. నాలుగు చక్రాలుండాయి."

ప్రసూనాంబ గారు నవ్వారు. సామర్థ్యాభివృద్ధి అంటే ఆమెకు ప్రాణం. అక్కడికక్కడే శిక్షణ ఉత్తర్వు ఇచ్చారు. ట్యూబు అభ్యంతరంలో ఉంది కాబట్టి, శిక్షణ ట్యూబు లేకుండానే జరగాలి. గాలి లేని ముందు చక్రంతో, సంఘం ఆవరణలో, ఎరువుల గోదాముకూ ట్రాక్టరు షెడ్డుకూ మధ్య చాంద్‌బాషా సైకిలెక్కాడు. ఎర్రిస్వామి వెనక సీటు పట్టుకున్నాడు. ప్రసూనాంబ గారు ఫొటో తీయడానికి ముందు నిలబడ్డారు.

"కాళ్లు ఆడించు బాషన్నా!"

"ఆడిస్తానే ఉండా సారూ, అదే యాడికో పోతాంది!"

"ముందుకు చూడు!"

"మేడమ్‌ను జరగమను సారూ!"

సుంకులమ్మ ఒడిలో విత్తనాల మూటతో మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉంది.

"ఏమమ్మా, ఓ దొరసానమ్మా," అంది చివరికి. "ట్రాక్టరు తోలేవాడు సైకిలు నేర్చుకుంటా ఉంటే, నా చేను ఎవురు దున్నాల?"

"ఓపిక పట్టాలమ్మా. మీ కోసమే ఈ కృషి అంతా," అన్నారు ప్రసూనాంబ గారు ప్రేమగా.

అంతలో చాంద్‌బాషా మేడమ్‌ను తప్పించబోయి గోదాము గోడకు తగిలాడు. మోకాలు చిట్లింది. పడే ముందు కొంత దూరమైతే పోయాడు కాబట్టి, సైకిలు తిరుగుచున్నదని ధ్రువీకరణ వచ్చింది. అతని మోకాలికి కట్టు కట్టేలోపే మేడమ్ సంతకం పెట్టారు.

ఆ సాయంత్రమే శేషశయనం గారు ఎర్రిస్వామిని పిలిచి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ట్యూబు సైకిలుదేనని, పొరపాటున ట్రాక్టరు పేరిట రాయడమైనదని అందులో ఉంది. అభ్యంతరం తొలగింది. రెండు సీళ్లూ విప్పారు. ట్యూబును సైకిలు ముందు చక్రంలో వేయించి, గాలి కొట్టించి, చేయి దులుపుకున్నారు.

ఎర్రిస్వామి గుండె తేలికపడింది. వెంటనే ఇంకో కాగితం ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"గేరు పెట్టెలో స్ప్రింగుకు అనుమతి సార్. చిన్నదే. అది వేస్తే ట్యూబుతో పని లేదు, గేరు జారదు."

"గేరు జారుతోందని ఎవరన్నారు?"

"ట్రాక్టరు ఎక్కితే తెలుస్తుంది సార్."

"ఎక్కితే తెలిసేది రికార్డు కాదు. రికార్డులో ఏముంది? ట్రాక్టరు గేరులో లోపమున్నదనుటకు మొత్తం దస్త్రంలో ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ ట్యూబు. ఆ ట్యూబు సైకిలుది అని నువ్వే ఇప్పుడే రాసిచ్చావు. కావున ట్రాక్టరుకు లోపము లేదు. లోపము లేని యంత్రమునకు స్ప్రింగు ఎందుకయ్యా?"

"మరి... లోపం ఉన్నట్టు రాసిస్తే సార్?"

"అప్పుడు ట్యూబు ట్రాక్టరుదవుతుంది," అన్నారు శేషశయనం గారు, నిజంగా బాధపడుతూ. "సంఘానికి సైకిలు ఉన్నా లేకపోయినా, ట్రాక్టరుకు సైకిలు ట్యూబు ఏమిటని అభ్యంతరం తిరిగి వస్తుంది. అంత కష్టపడి తీర్చుకున్నావు. మళ్లీ ఎందుకు తలకెత్తుకుంటావు?"

ఎర్రిస్వామి బయటికి వచ్చాడు. చాంద్‌బాషా కట్టుకాలు చాపుకుని ట్రాక్టరు నీడలో కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చినాడా సారూ?"

"మన ట్రాక్టరుకు రోగం లేదంట బాషన్నా."

"ఆ మాట ట్రాక్టరుకు ఎవరన్నా చెప్పండి," అన్నాడు చాంద్‌బాషా. కట్టు సర్దుకుని, నేల చూస్తూ అన్నాడు. "స్ప్రింగు పోయిందని నాకు ఎప్పుడో తెలుసు సారూ. ట్యూబు ఉండాది కదా అని బద్ధకించినా."

"నాకూ తెలుసు," అన్నాడు ఎర్రిస్వామి. "అనుమతి తీసుకుని చేద్దామని నేను ఆగినా."

ఉద్యోగంలో చేరిన తర్వాత అతను చేసిన మొదటి అక్రమం మరునాడు పొద్దున జరిగింది. తొలి బస్సుకు టౌనుకు పోయి, పాత సామాన్ల సందులో ట్రాక్టరు స్ప్రింగు, ఉక్కుగుండు కొనుక్కొచ్చాడు. రసీదు అడగలేదు. పొట్లాన్ని చొక్కా లోపల దాచుకుని బస్సెక్కాడు. లోపం లేని యంత్రాన్ని విప్పడం నిబంధనల ప్రకారం విధ్వంసం కిందికి వస్తుంది.

ఇద్దరూ కలిసి మూత లేపారు. నల్లటి నూనెలో గేర్లను జరిపే మూడు కడ్డీలు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఒక్కో కడ్డీ మీద గాడులు, ఒక్కో గాడిలో దిగి గేరును నిలబెట్టే గుండు, ఆ గుండును పైనుంచి తొక్కి పట్టే స్ప్రింగు. రెండో గేరు గాడి దగ్గర స్ప్రింగు సగానికి సగం అణిగిపోయి ఉంది. చాంద్‌బాషా దాన్ని చిటికెన వేలితో బయటికి తీసి, ఎండలో పట్టి చూసి, ఛీ అని గోడవతలికి విసిరాడు. కొత్తది వేసి, ఆ కడ్డీని ముందుకూ వెనక్కూ లాగితే లోపల 'టక్' మంది. ఆ చప్పుడుకు ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. మూత బిగించి, నూనె పోసి, ట్రాక్టరును కొండవాలు మీదికి ఎక్కించారు. రెండో గేరు ఒక్కసారి కూడా జారలేదు.

సుంకులమ్మ గట్టు మీదే ఉంది. నాగలి దిగింది. దిగలేదు, గీసుకుంటూ పోయింది. వెనక దుమ్ము లేచింది.

ఆమె చేయెత్తి ఆపమంది. నాగటిచాలు అడుగునుంచి పిడికెడు మట్టి తీసి పిసికింది. వేళ్ల సందుల్లోంచి అది ఇసుకలాగా కారిపోయింది.

"వద్దులే నాయనా. ఎండు మట్టిలో వేస్తే చీమలకు మేత."

"అవ్వా, గేరు బాగుపడింది," అన్నాడు ఎర్రిస్వామి.

"పడింది. నేనూ చూసినా. బాగా చేసినారు." మూట విప్పి, గుప్పెడు గింజలు తీసి అతని చేతిలో పోసింది. "తిను. ఒలిచిన గింజను తిరిగి కాయలో పెట్టల్యాము కదా."

ఎర్రిస్వామి తినలేకపోయాడు. తినకుండానూ ఉండలేకపోయాడు.

మళ్లీ వాన ఎప్పుడో, వేరుశనగ కాలం దాటిపోయాక పడింది. అంత ఆలస్యంగా పడితే ఆ నేలలో వేయగలిగింది ఉలవ ఒక్కటే. పెద్దగా రాదు; ఏమీ లేకపోవడం కంటే మేలని వేస్తారు. సుంకులమ్మ ఉలవలు చల్లింది.

ఆ సంగతి ప్రసూనాంబ గారి నివేదికలోకి ఎక్కింది. టౌనులో సభ పెట్టారు. వేదిక మీద సుంకులమ్మకు శాలువా కప్పి, ప్రసూనాంబ గారు ఇలా ప్రసంగించారు: "వాతావరణ మార్పులను ముందుగానే గ్రహించి, నూనెగింజల సాగును స్వచ్ఛందంగా విడిచి, అల్ప నీటి వినియోగ పంటకు మళ్లిన ఆదర్శ మహిళా రైతు సుంకులమ్మ గారు! వారికి వెన్నుదన్నుగా నిలిచిన గుండ్లవంక సంఘమునకు అభినందనలు!"

చప్పట్లయ్యాక మైకు సుంకులమ్మ ముందు పెట్టారు. ఆమె దాన్ని అనుమానంగా చూసింది.

"నేను యాడికీ మళ్లల్యా తల్లీ," అంది. "ఆడనే ఉండా. ట్రాక్టరు కోసం."

ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సభ కార్యక్రమాల నివేదికలో ఆ మాటలను 'లబ్ధిదారు యంత్ర సేవల పట్ల తమ అచంచల విశ్వాసమును వ్యక్తపరచిరి' అని రాశారు. రాసినవాడు ఎర్రిస్వామి కాదు. అతన్ని అడిగితే, ఆమె అన్నది అన్నట్టే రాస్తానన్నాడు. అందుకని ఆ పని అనుభవమున్న గుమాస్తాకు అప్పగించారు.

అయ్యలారా, అమ్మలారా, మీకొక మనవి. ఇన్ని వేల ఎకరాల్లో రైతులు తమంత తామే ఉలవ పంటకు మళ్లారని ఎప్పుడైనా పేపర్లో చదివితే, ఆ వార్త చివరిదాకా చదవకపోయినా ఫరవాలేదు. ఆ ఎకరాల్లో ఒక కొండవాలు చేను సుంకులమ్మది. దాని గట్టు మీద, ఒడిలో ఒలిచిన విత్తనాలు పెట్టుకుని, దారి చూస్తూ ఆమె కూర్చుని ఉందని ఒక్కసారి తలచుకోండి.